మాంటెరే బే అక్వేరియం

మాంటెరే బే అక్వేరియం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మాంటెరే పట్టణపు ఒడ్డున ఉన్న సముద్ర విజ్ఞాన ప్రదర్శనశాల. ఒకప్పుడు సార్డీన్ చేపలను ఉడికించి డబ్బాల్లో నింపిన హావ్‌డెన్ ఫ్యాక్టరీ స్థలంలో, ఆ ఫ్యాక్టరీలో నిలబెట్టుకోగలిగిన భాగాలను కలుపుకుంటూ దీన్ని నిర్మించారు. 1984 అక్టోబరు 20న ప్రజలకు తెరిచారు. లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతోంది. ఏటా సుమారు 20 లక్షల మంది చూడడానికి వస్తారు.

కెల్ప్ అనే భారీ సముద్రపు నాచును అడవిలా తొట్టిలో పెంచి చూపిన తొలి అక్వేరియం ఇదే. తల్లిలేని నీటికుక్క పిల్లలను పెంచి తిరిగి సముద్రంలో వదలడం, ఏ చేప తినవచ్చో కొనుగోలుదారులకు సూచించడం కూడా దీనికి పేరు తెచ్చాయి. ఇక్కడి అఖాతంలో సార్డీన్లు తరిగిపోవడానికి ఒక పరిశ్రమ కూడా కారణమైంది. అదే పరిశ్రమ నడిచిన చోట ఇప్పుడు ఆ అఖాతాన్ని అర్థం చేసుకునే పని సాగుతోంది. ఈ సంస్థకు ఉన్న అసలు విశిష్టత అది.

అఖాతం, దాని సంపద

మాంటెరే అఖాతం శాంతాక్రూజ్, మాంటెరే పట్టణాల మధ్య అర్ధచంద్రాకారంలో ఉంటుంది. దీని మధ్యలో, మాస్ ల్యాండింగ్ రేవు దగ్గర ఒడ్డునుంచే ఒక అగాధమైన లోయ మొదలవుతుంది. మాంటెరే కాన్యన్ అనే ఆ లోయ అడుగు 3,600 మీటర్ల లోతుకు దిగుతుంది. మామూలుగా ఓడలో ఎంతో దూరం పోతే గాని అందని లోతులు ఇక్కడ తీరానికి దగ్గర్లోనే ఉన్నాయి.

వసంతం, వేసవి నెలల్లో వాయవ్య దిక్కునుంచి వీచే గాలులు, భూభ్రమణ ప్రభావం కలిసి పైనీటిని తీరం నుంచి దూరంగా నెడతాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దానితో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వస్తాయి. సూర్యరశ్మి తగలగానే నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి. వాటిని తిని సార్డీన్లు, ఆంకోవీలు, వాటిని తిని పక్షులు, సీల్‌లు, తిమింగలాలు బతుకుతాయి. ఈ అఖాతంతో పాటు చుట్టుపక్కల తీరాన్ని 1992లో అమెరికా ప్రభుత్వం జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది.

సార్డీన్ల కాలం

సార్డీన్ మన మత్స్యకారులు కవళ్లు అనే చేపల కుటుంబానికి చెందింది. మాంటెరేలో దీన్ని డబ్బాల్లో నింపే పరిశ్రమ 20వ శతాబ్దం మొదట్లో మొదలైంది. నార్వేలో మత్స్య విద్య చదివిన నూట్ హావ్‌డెన్ 1905లో ఫ్రాంక్ బూత్ నడిపే ఫ్యాక్టరీలో చేరి, పనులను యంత్రాల మీదికి మళ్లించాడు. 1916లో సొంత ఫ్యాక్టరీ తెరిచాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు నిల్వ ఆహారం అవసరం కావడంతో గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఓషన్ వ్యూ అవెన్యూ పొడవునా ఒకదాని పక్కన ఒకటి ఫ్యాక్టరీలు లేచాయి. జాన్ స్టయిన్‌బెక్ 1945లో రాసిన ‘క్యానరీ రో’ నవల ఆ వీధిని లోకప్రసిద్ధం చేసింది. 1958లో వీధి పేరునే క్యానరీ రోగా మార్చారు.

చేపల వేట వెన్నెల లేని రాత్రుల్లో సాగేది. చేపల గుంపు కదిలినప్పుడు నీటిలోని సూక్ష్మజీవులు మెరుస్తాయి. ఆ మెరుపును బట్టి గుంపు ఎక్కడుందో గుర్తించి వలతో చుట్టుముట్టేవారు. 1920ల చివరికి పెద్ద రింగు వలల పడవలు వచ్చాయి. పడవలు ఒడ్డు దాకా రానక్కర్లేకుండా నీటి మీద తేలే పెద్ద చెక్క తొట్లను లంగరు వేసి ఉంచేవారు. వాటిలో పోసిన చేపలను నీటి అడుగున వేసిన గొట్టాల గుండా ఫ్యాక్టరీ పంపుహౌస్‌లోకి లాగేవారు. సరుకు రాగానే ఫ్యాక్టరీ ఈల మోగేది. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో రకం ఈల. అర్ధరాత్రయినా సరే, తమ ఫ్యాక్టరీ ఈల గుర్తుపట్టి కార్మికులు కొండ దిగి వచ్చేవారు. పడవల మీద ఎక్కువమంది ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చినవారు. ఫ్యాక్టరీల్లో చేపలు కోసి డబ్బాల్లో సర్దింది ఎక్కువగా స్త్రీలు. వారిలో ఇటాలియన్, పోర్చుగీస్, స్పానిష్, జపనీస్, చైనా, ఫిలిపినో, మెక్సికన్ కుటుంబాల వారంతా ఉన్నారు.

పట్టిన చేపంతా మనుషుల ఆహారానికే పోలేదు. చాలా భాగాన్ని ఉడికించి, పిండి, నూనె తీసి, మిగిలిన పిప్పిని కోళ్ల దాణాగా, ఎరువుగా అమ్మారు. అందులో లాభం ఎక్కువ, ఖర్చు తక్కువ. 1941–42 సీజనులో మాంటెరే రేవుకు వచ్చిన చేప సుమారు రెండున్నర లక్షల టన్నులు. 1947–48 నాటికి అది 20 వేల టన్నుల లోపుకు పడిపోయింది. తర్వాత కొంతకాలం కాస్త కోలుకున్నట్టు కనిపించినా 1950ల మొదట్లో వేట పూర్తిగా కుప్పకూలింది. ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. హావ్‌డెన్ ఫ్యాక్టరీ స్క్విడ్‌లను డబ్బాల్లో నింపుతూ అందరికన్నా ఎక్కువకాలం నిలిచి, 1970ల మొదట్లో మూతపడింది.

సార్డీన్లు ఎందుకు పోయాయన్న చర్చ దశాబ్దాల పాటు సాగింది. శాంతాబార్బరా దగ్గర సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న బురదలోని చేప పొలుసులను శాస్త్రవేత్తలు లెక్కించారు. మనుషులు వేటాడని శతాబ్దాల్లో కూడా సార్డీన్లు సుమారు 60 ఏళ్లకు ఒకసారి పెరుగుతూ తరుగుతూ వచ్చాయని తేలింది. నీరు చల్లబడితే ఆంకోవీలు, వేడెక్కితే సార్డీన్లు పెరగడం ఈ తీరంలో ఎక్కువగా కనిపించే తీరు. అంటే సముద్రం చల్లబడే దశలో సహజంగానే తగ్గే చేపను, తగ్గుతున్నకొద్దీ మరింత గట్టిగా పట్టారు. ప్రకృతి, అత్యాశ ఒకే సమయంలో దెబ్బ తీశాయి. కాలిఫోర్నియా ప్రభుత్వం 1967లో సార్డీన్ వేటను నిషేధించి, 1986లో పరిమితంగా అనుమతించింది. నిల్వలు మళ్లీ తగ్గడంతో 2015లో ఈ తీరంలో వాణిజ్య వేటను మూసివేశారు.

పొరుగున శాస్త్రవేత్తలు

ఫ్యాక్టరీల పక్కనే, అదే కాలంలో, అఖాతాన్ని చదివే పని కూడా సాగింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1892లో స్థాపించిన హాప్కిన్స్ కేంద్రం అమెరికా పశ్చిమ తీరంలో మొదటి సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల. 1917లో అది ఇప్పుడున్న స్థలానికి మారింది. అక్వేరియానికి గోడకు గోడ పొరుగు అదే. దానికి సమీపంలో 1850ల నుంచి ఉన్న చైనా మత్స్యకారుల పల్లె 1906లో అగ్నికి ఆహుతైంది. స్క్విడ్ వేటతో బతికిన ఆ పల్లె మళ్లీ అక్కడ లేవలేదు.

ఎడ్ రికెట్స్ అనే జీవశాస్త్రవేత్త హావ్‌డెన్ ఫ్యాక్టరీ ఉన్న వీధిలోనే చిన్న ప్రయోగశాల నడిపేవాడు. పాఠశాలలకు, కళాశాలలకు సముద్ర జీవుల నమూనాలు అమ్మి జీవించేవాడు. స్టయిన్‌బెక్ నవలలోని ‘డాక్’ పాత్రకు మూలం ఇతనే. 1939లో జాక్ కాల్విన్‌తో కలిసి రికెట్స్ రాసిన ‘బిట్వీన్ పసిఫిక్ టైడ్స్’ పసిఫిక్ తీర జీవులను జాతుల వారీగా గాక, అవి బతికే చోటును బట్టి వర్గీకరించింది. అలలు గట్టిగా కొట్టే రాళ్లు, ప్రశాంతమైన గుంటలు, ఇసుక మేటలు, రేవు గుంజలు - ఇలా. సార్డీన్లు తగ్గుతున్నాయని, ప్లవకాల లెక్కతో పాటు వేటను కూడా చూడాలని స్థానిక పత్రికలో అతడు హెచ్చరించాడు. 1948లో రైలు కారును ఢీకొనడంతో మరణించాడు.

మరొకరు జూలియా ప్లాట్. జంతుశాస్త్రంలో డాక్టరేట్ పొందినా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరకని ఆమె పక్క పట్టణం పసిఫిక్ గ్రోవ్‌లో స్థిరపడి, 1931లో డెబ్బై దాటిన వయసులో మేయరుగా ఎన్నికయ్యారు. ఫ్యాక్టరీల వ్యర్థాలు తీరాన్ని కుళ్లబెడుతున్న రోజుల్లో హాప్కిన్స్ కేంద్రం ముందున్న నీటిలో జీవులను పట్టకుండా రక్షిత ప్రాంతం ఏర్పడేలా చేశారు. తర్వాతి దశాబ్దాల్లో తీరం కోలుకోవడానికి ఈ చిన్న రక్షిత ప్రాంతం విత్తనపు మడిలా పనికొచ్చింది.

ఆలోచన, నిధులు, భవనం

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన ప్రయోగశాల పక్కన అడ్డగోలు కట్టడాలు రాకుండా 1967లో హావ్‌డెన్ ఫ్యాక్టరీ స్థలాన్ని కొన్నది. అక్కడ అక్వేరియం పెట్టాలన్న ఊహ 1970ల చివరలో స్థానిక సముద్ర జీవశాస్త్రవేత్తల బృందానికి వచ్చింది. వారిలో స్టీవ్ వెబ్‌స్టర్, చక్ బాక్స్‌టర్, రాబిన్ బర్నెట్, నాన్సీ బర్నెట్ ప్రముఖులు. నాన్సీ తండ్రి డేవిడ్ ప్యాకార్డ్, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1978లో సంస్థ ఏర్పడింది. డేవిడ్, లూసిల్ ప్యాకార్డ్ దంపతులు నిర్మాణానికి 5.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ తర్వాత సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది వారి షరతు. ప్రారంభం నుంచి దశాబ్దాల పాటు వారి మరో కుమార్తె జూలీ ప్యాకార్డ్ దీనికి సారథ్యం వహించారు.

భవనాన్ని రూపొందించింది శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఎషెరిక్, హోమ్‌సీ, డాడ్జ్ అండ్ డేవిస్ సంస్థ. పాత ఫ్యాక్టరీని యథాతథంగా వాడుకోవాలన్నది మొదటి ఆలోచన. దశాబ్దాల ఉప్పుగాలికి కట్టడం చాలా భాగం శిథిలమై, వేల టన్నుల నీటిని మోసే శక్తి దానికి లేదని తేలింది. దాంతో బాయిలర్ గది, పంపుహౌస్ వంటి భాగాలను నిలిపి, మిగిలినదాన్ని కొత్తగా కట్టారు. వాలు కప్పులు, వరస కిటికీలు, పొగగొట్టాలు, ఎత్తుపల్లాలుగా అతుకులు వేసినట్టున్న ఆకారం - ఇవన్నీ పాత ఫ్యాక్టరీ పోలికలే. లోపల కాంక్రీటును కప్పలేదు. తలపైన పైపులు, గాలి గొట్టాలు బయటికి కనబడుతూనే ఉంటాయి. ప్రవేశ ద్వారం దగ్గర ఒకప్పుడు డబ్బాలను ఉడికించడానికి ఆవిరి అందించిన భారీ బాయిలర్లు వాటి చోటనే ఉన్నాయి. అమెరికా వాస్తుశిల్పుల సంఘం కాలపరీక్షకు నిలిచిన భవనాలకిచ్చే ‘ఇరవై అయిదేళ్ల పురస్కారా’న్ని 2016లో దీనికిచ్చింది.

కెల్ప్ అడవి

అక్వేరియానికి గుండె వంటిది కెల్ప్ అడవి. ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తైన ఈ తొట్టిలో దాదాపు 12 లక్షల 70 వేల లీటర్ల సముద్రపు నీరు పడుతుంది. చూసే వైపు అమర్చిన ఆక్రిలిక్ పలకల మందం 18 సెంటీమీటర్లకు పైనే. పైకప్పు లేదు. నాచుకు ఎండ కావాలి.

ఎండ ఒక్కటే చాలదు. కెల్ప్‌కు వేర్ల ద్వారా ఆహారం అందదు. రాయిని పట్టుకుని ఉండే దాని మొదలు ఆధారం కోసమే. పోషకాలను ఆకులే నీటినుంచి పీల్చుకోవాలి. అందుకు నీరు ఎప్పుడూ ఆకుల మీదుగా కదులుతుండాలి. నిలవ నీటిలో కెల్ప్ బతకదు. ఈ సమస్యకు డేవిడ్ ప్యాకార్డ్ స్వయంగా పరిష్కారం చూపాడు. పెద్ద పిస్టన్ వంటి పరికరం కొన్ని క్షణాలకొకసారి కిందికి దిగి నీటిని నెట్టి, మళ్లీ పైకి లేస్తుంది. దాంతో తొట్టిలోని నీరంతా అలలాగా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపుకు గోధుమరంగు ఆకులు, వాటి మధ్య చేపలు కలిసి ఒకవైపు ఒరిగి మళ్లీ వెనక్కి వస్తాయి. ఈ తొట్టిలో కెల్ప్ రోజుకు సగటున 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఈతగాళ్లు దిగి దాన్ని తరచూ కత్తిరిస్తూ ఉండాలి.

నీటి సరఫరా కూడా ప్రత్యేకమే. సముద్రంలోకి వేసిన పైపుల ద్వారా నిమిషానికి దాదాపు 7,600 లీటర్ల దాకా నీరు అఖాతం నుంచి నేరుగా వస్తుంది. పగలు సందర్శకులకు స్పష్టంగా కనబడాలని వడకట్టి పంపుతారు. రాత్రి వడపోత ఆపి నీటిని ఉన్నదున్నట్టు వదులుతారు. ఆ నీటితో ప్లవకాలు, సూక్ష్మ లార్వాలు వచ్చి చేరతాయి. తొట్టిలోని జీవులు కొన్నిటిని తింటాయి. మిగిలినవి రాళ్లకు అంటుకుని పెరుగుతాయి. అందువల్ల ఎవరూ తెచ్చి పెట్టని స్పాంజ్‌లు, ఎనిమోన్లు, బార్నకిల్‌లు అక్కడ వాటంతటవే స్థిరపడ్డాయి. ఇదే లార్వా పైపుల లోపల కూడా అంటుకుని దారి మూసేస్తుంది కాబట్టి పైపులను క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి.

ఇతర ప్రదర్శనలు

ప్రపంచంలోని వింత జీవులన్నిటినీ ఒకచోట చేర్చడం అప్పటి అక్వేరియాల వాడుక. మాంటెరేలో మాత్రం స్థానిక అఖాతాన్నే, రికెట్స్ చూపిన పద్ధతిలో, ఆవాసాల వారీగా చూపాలని మొదటే నిర్ణయించారు. రాతి గుంటలు, ఇసుక నేలలు, రేవు గుంజలు, లోతు నీటి రాతి దిబ్బలు - ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. భవనం వెనుక సముద్రానికి తెరిచి ఉన్న గుంటలోకి అడవి నీటికుక్కలు, సీల్‌లు తమంతట తామే వచ్చి పోతుంటాయి.

1996లో నడి సముద్రాన్ని చూపే కొత్త విభాగం తెరిచారు. దాని ప్రధాన తొట్టిలో ఇప్పుడు దాదాపు 45 లక్షల లీటర్ల నీరుంది. ట్యూనాలు, సుత్తితల సొరలు, బల్లపరుపుగా పెరిగే భారీ మోలా చేపలు అందులో తిరుగుతాయి. గోడకు గుద్దుకుంటే చిరిగిపోయే జెల్లీ చేపల కోసం మూలలు లేని గుండ్రటి తొట్లు వాడతారు. వాటిలో నీరు మెల్లగా సుడి తిరుగుతూ జెల్లీలను మధ్యలో తేలేలా ఉంచుతుంది. 2022లో లోతు సముద్ర జీవులకు పెద్ద ప్రదర్శన ప్రారంభమైంది.

నీటికుక్కలు

మెత్తటి బొచ్చు కోసం సాగిన వేటలో కాలిఫోర్నియా సముద్రపు నీటికుక్కలు దాదాపు అంతరించాయి. 1938లో బిగ్‌సర్ తీరంలో సుమారు 50 నీటికుక్కల గుంపు కనిపించింది. ఇప్పుడున్న సుమారు మూడు వేలు ఆ గుంపు సంతతే. నీటికుక్కలు సీ అర్చిన్లనే ముళ్ల జీవులను తింటాయి. నీటికుక్కలు లేకపోతే సీ అర్చిన్లు పెరిగి కెల్ప్‌ను మొదలంటా మేసేస్తాయి. అడవి నిలవాలంటే కావలి కావాలి.

అక్వేరియం 1984 నుంచే తల్లినుంచి విడిపోయిన పిల్లలను చేరదీస్తోంది. మొదట్లో మనుషులే పెంచారు. అలా పెరిగినవి సముద్రంలో వదిలాక కూడా మనుషుల దగ్గరికి రావడంతో పద్ధతి మార్చారు. 2001 నుంచి అక్వేరియంలోని ఆడ నీటికుక్కలకు పిల్లలను అప్పగిస్తున్నారు. గవ్వను రాయితో పగలగొట్టడం, పీతను పట్టడం పెంపుడు తల్లి నుంచే నేర్చుకుంటాయి. పిల్లలకు మనిషి రూపం అలవాటు కాకూడదని సంరక్షకులు ముదురు రంగు ముసుగు వస్త్రాలు, వెల్డింగ్ మాస్కులు వేసుకుని పని చేస్తారు. ఎల్క్‌హార్న్ స్లూ అనే సమీపంలోని ఉప్పునీటి కయ్యలో నీటికుక్కల సంఖ్య పెరగడంలో సగానికి పైగా ఇలా పెరిగిన వాటి, వాటి సంతతి వాటా అని 2019లో ప్రచురించిన అధ్యయనం చూపింది.

పరిశోధన, విద్య

డేవిడ్ ప్యాకార్డ్ 1987లో, ఇప్పుడు మాస్ ల్యాండింగ్ దగ్గర ఉన్న మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థను వేరుగా స్థాపించాడు. కేబుల్‌తో నడిచే మనుషులు లేని జలాంతర యంత్రాలను కాన్యన్‌లోకి పంపి, ఈ సంస్థ లోతు సముద్ర జీవులను చిత్రీకరిస్తోంది. అలాంటి యంత్రాల్లో ఒకదాని పేరు ‘డాక్ రికెట్స్’. అక్వేరియంలో బడి పిల్లల బృందాలకు ఉచిత ప్రవేశం ఉంది. 2019లో ప్రత్యేక విద్యా కేంద్రం కూడా మొదలైంది.

సీఫుడ్ వాచ్, తెలుగు తీరం

1999లో అక్వేరియం సీఫుడ్ వాచ్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఏ చేపను ఎక్కడ, ఎలా పట్టారు లేదా పెంచారన్నది పరిశీలించి, కొనదగినవాటికి ఆకుపచ్చ, జాగ్రత్తగా కొనవలసినవాటికి పసుపు, వద్దనవలసినవాటికి ఎరుపు రంగు ఇస్తుంది. జేబులో పట్టే ఈ కార్డులు కోట్ల సంఖ్యలో పంపిణీ అయ్యాయి. హోటళ్లు, పెద్ద దుకాణాలు కూడా వీటిని చూసి సరుకు కొంటాయి.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ అక్వేరియంతో నేరుగా ఉన్న సంబంధం ఇక్కడే. దేశంలో సాగుచేసే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. భారత రొయ్యలకు అతిపెద్ద మార్కెట్‌గా నిలిచింది అమెరికా. సీఫుడ్ వాచ్ పెంపకపు రొయ్యలను దేశాల వారీగా అంచనా వేస్తుంది. చెరువుల్లో వాడే యాంటీబయాటిక్‌లు, బయటికి వదిలే నీరు, మడ అడవులకు జరిగిన నష్టం అందులో లెక్కకు వస్తాయి. భీమవరం, నెల్లూరు ప్రాంతాల వనామీ రొయ్యల రైతు చెరువులో తీసుకునే జాగ్రత్త కాలిఫోర్నియాలో కొనేవారి నిర్ణయం దాకా వెళుతుందన్నమాట.

విమర్శలు

2004లో ఇక్కడ ఒక పిల్ల తెల్ల సొరను 198 రోజులు ఉంచగలిగారు. అంతకు ముందు ఏ అక్వేరియంలోనూ ఈ జాతి మూడు వారాలైనా బతకలేదు. 2011 దాకా మొత్తం ఆరింటిని ప్రదర్శించారు. చివరి సొర వదిలిన కొద్దిసేపటికే చనిపోవడంతో, బందీగా ఉంచడం తగదన్న విమర్శ బలపడింది. ఆ తర్వాత మళ్లీ తెల్ల సొరలను తేలేదు. 2022లో అమెరికన్ ఎండ్రొయ్యలను (లాబ్‌స్టర్లను) ఎరుపు జాబితాలో చేర్చాక మెయిన్ రాష్ట్ర మత్స్యకారులు కోర్టుకెక్కారు. బోనుల తాళ్లలో చిక్కి అరుదైన రైట్ తిమింగలాలు చనిపోతున్నాయన్నది అక్వేరియం వాదన. తమ వేటకు, ఆ మరణాలకు సంబంధం నిరూపించలేదన్నది మత్స్యకారుల వాదన.

ప్రాముఖ్యం

పాత పారిశ్రామిక కట్టడాలను సముద్ర విజ్ఞానానికి మళ్లించిన ఉదాహరణలు వేరే చోట్లా ఉన్నాయి. తైవాన్‌లోని కీలుంగ్‌లో మూతపడిన బొగ్గు విద్యుత్ కేంద్రం స్థలంలో జాతీయ సముద్ర విజ్ఞాన, సాంకేతిక ప్రదర్శనశాల 2014లో తెరుచుకుంది. మాంటెరేకున్న బలం, భవనానికీ లోపల చెప్పే విషయానికీ ఉన్న విడదీయరాని సంబంధం. ఫ్యాక్టరీ చరిత్రను దాచకుండా, బాయిలర్లను వాకిట్లోనే నిలబెట్టి, చేపలు ఎలా తరిగిపోయాయో అక్కడే చెబుతారు. ప్రపంచ సముద్రాలన్నీ చూపాలన్న ఆరాటం లేకుండా తమ అఖాతాన్ని లోతుగా చూపారు.

దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం, కోరింగ మడ అడవులు, పులికాట్ సరస్సు, శతాబ్దాల రేవు పట్టణాలు ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ అనుభవం పనికొస్తుంది. మన సముద్రాన్ని, దాని మీద బతికిన మనుషులను, మనం చేసిన మేలునూ కీడునూ కలిపి చెప్పే ప్రదర్శనశాల మన పిల్లలకూ కావాలి.